15 అంగుళాల వూఫర్‌తో ఓపెన్ బ్యాఫిల్: క్రాసోవర్ ఎక్కడ పెట్టాలి?

పలకమనిషి
అందరికీ నమస్కారం. పెట్టె లేకుండా ఉత్త పలక మీద స్పీకర్లు (ఓపెన్ బ్యాఫిల్) కట్టాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. ఇప్పుడు డ్రైవర్లు (కోన్, మాగ్నెట్ ఉన్న స్పీకర్ యూనిట్లు) చేతికొచ్చాయి, ఇక వాయిదా వేయడానికి సాకు లేదు.

కింద: 15 అంగుళాల వూఫర్ (బాస్ డ్రైవర్), సభలూ వేదికల స్పీకర్ల కోసం చేసిన రకం. ఎఫ్ఎస్ (కోన్ సొంతంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 40 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊగుడుకి ఎంత బ్రేకు పడుతుందో చెప్పే అంకె, తక్కువైతే బ్రేకు ఎక్కువ) 0.35, డీసీ రెసిస్టెన్స్ 5.5 ఓంలు, సెన్సిటివిటీ (1 వాట్‌కి మీటరు దూరంలో వచ్చే మోత) 97 డీబీ, కోన్ ఒక్కో వైపు 6 మి.మీ. కదులుతుంది.
పైన: 8 అంగుళాల ఫుల్ రేంజ్, 8 ఓంలు, 95 డీబీ. డేటాషీట్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఓ 5 డీబీ గుట్ట కనిపిస్తోంది.
పలక: 25 మి.మీ. ప్లైవుడ్, 60 సెం.మీ. వెడల్పు, 110 సెం.మీ. ఎత్తు.

కింది స్వరాలు వూఫర్‌కి, పైవి ఫుల్ రేంజ్‌కి పంచడానికి 500 హెర్ట్జ్ దగ్గర రెండో ఆర్డర్ (ఆక్టేవ్‌కి 12 డీబీ కోసే) లింక్‌విట్జ్-రైలీ పాసివ్ క్రాసోవర్, అంటే ఉత్త కాయిల్, కెపాసిటర్‌తో కట్టే ఫిల్టర్ అనుకుంటున్నాను. కాలిక్యులేటర్‌లో 8 ఓంలు వేస్తే 5.1 మిల్లీహెన్రీ కాయిల్, 20 మైక్రోఫారడ్ కెపాసిటర్ అని వచ్చింది. ఇవి తెప్పించేయనా?

డీబీలెక్క
ఆగండి. ఇంకా ఏమీ కొనకండి.

కాలిక్యులేటర్ లెక్క తప్పు కాదు. కానీ దానికి తెలిసింది 8 ఓంల రెసిస్టర్ ఒక్కటే. మీ పలక వెడల్పు దానికి తెలీదు, వూఫర్ ఇంపిడెన్స్ (ఫ్రీక్వెన్సీతో మారే రెసిస్టెన్స్) ఎలా ఎగుడుదిగుడుగా ఉంటుందో తెలీదు. పెట్టె స్పీకర్‌లో అయితే ఏదోలా నెట్టుకురావచ్చు. ఓపెన్ బ్యాఫిల్‌లో పలకే సగం ఫిల్టర్.

కోన్ ముందుకు తోసినప్పుడు వెనక గాలిని లాగుతుంది. ఆ వెనక తరంగం పలక అంచు చుట్టి ముందుకు వచ్చి, ముందు తరంగంతో కలుస్తుంది. అది అదనంగా నడిచిన దూరాన్ని డి అనుకుందాం. 60 సెం.మీ. పలక మధ్యలో డ్రైవర్ ఉంటే డి సుమారు 30 సెం.మీ. ధ్వని వేగం సెకనుకు 344 మీటర్లు అనుకుంటే:

- వేగాన్ని 2డితో భాగిస్తే 573 హెర్ట్జ్. ఇక్కడ రెండు తరంగాలూ జతకూడి 6 డీబీ లేస్తాయి.
- 6డితో భాగిస్తే 191 హెర్ట్జ్. ఇక్కడ లాభమూ లేదు నష్టమూ లేదు.
- అక్కడి నుంచి కిందికి ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 6 డీబీ చొప్పున దిగిపోతూ ఉంటుంది. 40 హెర్ట్జ్‌కి వచ్చేసరికి 13 డీబీ పోతుంది.
- డితోనే భాగిస్తే 1147 హెర్ట్జ్. అక్కడ సిద్ధాంతం ప్రకారం గుంట. దీర్ఘచతురస్రం పలకలో అంచులు వేర్వేరు దూరాల్లో ఉంటాయి కాబట్టి ఆ గుంట నిజంగా అంత లోతుగా ఉండదు, కానీ ఉంటుంది.

మీరు ఎంచుకున్న 500 హెర్ట్జ్ సరిగ్గా ఆ 6 డీబీ గుట్ట భుజం మీద కూర్చుంది. వూఫర్ అక్కడ ఇంకా పైకి ఎక్కుతూ ఉంటే మీ కాయిల్ దాన్ని కిందికి లాగుతూ ఉంటుంది. రెండూ కలిసి వచ్చే వంపు ఏ పుస్తకంలోనూ ఉండదు.

కొత్తచెవి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ముందు నుంచి ఒకరు కుండ నింపుతుంటే వెనక నుంచి ఇంకొకరు తోడేస్తున్నట్టుంది కదా ఇది. 13 డీబీ బాస్ గాల్లో కలిపేసుకుని ఎందుకండీ ఈ తంటా? పెట్టెలో పెడితే పోయేదానికి?

మైకుముందు
న్యాయమైన ప్రశ్న. పక్కలకి పోయే శబ్దం కోసం.

పలకకి సరిగ్గా 90 డిగ్రీల పక్కన ముందు తరంగం, వెనక తరంగం ఒకే సమయానికి, ఎదురెదురు ఫేజ్‌తో (ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతూ) చేరతాయి. అక్కడ దాదాపు నిశ్శబ్దం. మొత్తం ఆకారం 8 అంకెలా ఉంటుంది. నేరుగా ఎదుట ఒకే మోత వినిపించడానికి, అన్ని దిక్కులకూ వెదజల్లే స్పీకర్‌తో పోలిస్తే ఇలాంటి డైపోల్ (ముందూ వెనకా ఎదురు ఫేజ్‌తో మోగే స్పీకర్) గదిలోకి వదిలే మొత్తం శక్తి మూడో వంతే. డీబీల్లో 4.8. పక్క గోడల ప్రతిధ్వని తగ్గుతుంది, గాత్రం విడిగా నిలబడుతుంది. పెట్టె గోడల మోత అసలే లేదు. కావాలంటే స్పీకర్లను కొద్దిగా లోపలికి తిప్పి ఆ నిశ్శబ్దపు దిక్కుని పక్కగోడ మీదికి గురిపెట్టొచ్చు.

ఇది కొత్త పిచ్చేమీ కాదు. 1957లో వచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ కూడా వెనక మూయని డైపోలే. ఇప్పటికీ జనం గాత్రానికి దాని పేరు చెబుతారు. బాస్‌కి మాత్రం చెప్పరు, అదీ నిజమే.

రాగితీగ
డీబీలెక్క గారి లెక్కలు బాగున్నాయి గానీ అసలు సమస్య ఎవరూ చెప్పట్లేదు. క్యూటీఎస్ 0.35 ఉన్న వూఫర్ ఓపెన్ బ్యాఫిల్‌కి పనికిరాదు. 0.7 దాటాలి. 0.8, 0.9 అయితే ఇంకా మేలు. ఆ మాగ్నెట్ బలానికి కోన్ కింది స్వరాల్లో బిగుసుకుపోతుంది. అమ్మేసి వేరేది తీసుకోండి. లేదా వూఫర్‌కి సిరీస్‌లో ఓ 5 ఓంల రెసిస్టర్ పెట్టండి, క్యూటీఎస్ పెరుగుతుంది. పాతవాళ్లు చేసిన పనే.

డీబీలెక్క
రాగితీగ అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ రెసిస్టర్ దగ్గర మాత్రం ఒప్పుకోను.

ఎఫ్ఎస్ దగ్గర డ్రైవర్ మోత, దాని పై స్థాయితో పోలిస్తే, సరిగ్గా క్యూటీఎస్ అంత ఉంటుంది. 0.35 అంటే 9.1 డీబీ కింద. ఇప్పుడు 5.5 ఓంలు సిరీస్‌లో పెట్టారనుకోండి. క్యూఈఎస్ (క్యూటీఎస్‌లో మాగ్నెట్, కాయిల్ బ్రేకు వాటా) రెట్టింపవుతుంది, క్యూటీఎస్ 0.66 దగ్గరికి చేరుతుంది. కాగితం మీద బ్రహ్మాండం. కానీ ఆంప్లిఫయర్ వోల్టేజ్‌లో సగం రెసిస్టర్ తినేసింది, అంటే మొత్తం 6 డీబీ పడిపోయింది. 0.66లో సగం 0.33. 40 హెర్ట్జ్ దగ్గర ఉన్న మోత ఉన్నట్టే ఉంది, ఇంకాస్త తగ్గింది కూడా. రెసిస్టర్ బాస్ పెంచలేదు, పైనున్నదాన్ని వేడి చేసి పారేసింది.

క్యూటీఎస్ మాటకొస్తే, ఇది చూడండి. నేల ఇచ్చే సాయం కలుపుకుని, 60 సెం.మీ. పలక మీద 40 హెర్ట్జ్ దగ్గర 1 వాట్‌కి:

ఈయన వూఫర్: 97 నుంచి 9.1 తీసేసి, పలక నష్టం 13.2 తీసేస్తే 74.7 డీబీ.
మీరు చెప్పే రకం, 0.8 క్యూటీఎస్, 91 డీబీ సెన్సిటివిటీ అనుకుందాం, ఎఫ్ఎస్ కూడా 40: 91 నుంచి 1.9, ఆపైన 13.2 తీసేస్తే 75.9 డీబీ.

తేడా 1 డీబీ చిల్లర. బలమైన మాగ్నెట్ బాస్‌ని తగ్గించలేదు, పై స్వరాలను పెంచింది. ఆ పెరిగినదాన్ని మీరు ఎలా దించుతారన్నదే ప్రశ్న. పాసివ్‌లో దించడం కష్టం, డీఎస్‌పీతో (ఆంప్లిఫయర్‌కి ముందే డిజిటల్‌గా ఫిల్టర్ చేసే పరికరంతో) సులువు. అందుకే ఎక్కువ క్యూటీఎస్ సలహా పాసివ్ కట్టేవాళ్లకి సరైనదే. అందరికీ వర్తించే సూత్రం మాత్రం కాదు.

రాగితీగ
సరే, రెసిస్టర్ మాట వెనక్కి తీసుకోను గానీ పక్కన పెడతాను :) ప్రతిదానికీ డీఎస్‌పీ అనే రోజులొచ్చాయి.

పాసివ్‌లో కూడా దారి ఉంది, వినండి. పలక కింది స్వరాల్లో ఆక్టేవ్‌కి 6 డీబీ పోగొడుతుంది. ఒంటరి కాయిల్ పై స్వరాల్లో ఆక్టేవ్‌కి 6 డీబీ కోస్తుంది. రెండు వాలులూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. కాయిల్‌ని క్రాసోవర్ పాయింట్ దగ్గర కాకుండా బాగా కిందనే పని మొదలుపెట్టేలా పెడితే, వూఫర్ మోత చదునవుతుంది. 10 మిల్లీహెన్రీ కాయిల్, దాదాపు 6 ఓంల మీద 95 హెర్ట్జ్ నుంచే కోయడం మొదలుపెడుతుంది. 95 నుంచి గుట్ట మొదలయ్యేదాకా చదును, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది. ఒక్క కాయిల్‌తో ఈక్వలైజర్, క్రాసోవర్ రెండూ అయిపోయాయి. దీనికంటే అందమైన సర్క్యూట్ చూపించండి.

అంత పెద్ద కాయిల్ ఎయిర్‌కోర్‌లో (లోపల ఇనుము లేకుండా) చుడితే రాగి బరువు మోయలేం, సన్నతీగ వాడితే రెసిస్టెన్స్ ఓం దాటుతుంది. ఐరన్‌కోర్ తీసుకోండి, కానీ కరెంటు ఎక్కువైనా సాచురేట్ కానిది. చిన్న కోర్ ఉన్నవి పెద్ద మోత దగ్గర గరగరమంటాయి.

డీబీలెక్క
అందంగానే ఉంది, కాదనను. ఒక మెలిక. 40 హెర్ట్జ్ దగ్గర వూఫర్ ఇంపిడెన్స్ 6 ఓంలు కాదు, పదుల ఓంల శిఖరం. ఆ శిఖరం పై వాలులో వూఫర్ కరెంటుకి కెపాసిటర్‌లా కనిపిస్తుంది. మీ పెద్ద కాయిల్ దానితో కలిసి రెసొనేట్ అయి ఎఫ్ఎస్ కంటే కాస్త పైన ఒక ఉబ్బు తెస్తుంది. కొన్ని వూఫర్లకి ఆ ఉబ్బు అయాచిత వరం, కొన్నిటికి బుంబుమనే మోత. ఇంపిడెన్స్ కొలిచి ఆ ఫైల్ ఎక్స్‌సిమ్, విటుఇక్స్‌క్యాడ్ లాంటి క్రాసోవర్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే గానీ ఏ పక్కో తెలీదు.

పైగా 97 డీబీ వూఫర్‌ని ఇలా చదును చేస్తే చివరికి మిగిలేది 80ల్లో ఉంటుంది. పైన 95 డీబీ ఫుల్ రేంజ్ ఉంది. దాన్ని కూడా రెసిస్టర్లతో అంత కిందికి దించాలి. ఎక్కువ సెన్సిటివిటీ డ్రైవర్లు కొన్నదంతా ఇక్కడే ఖర్చయిపోతుంది.

ఉలిసుత్తి
మీరు లెక్కలు తేల్చుకునేలోపు నేను చెక్క సంగతి చెప్తా.

1. 8 అంగుళాల డ్రైవర్‌కి 60 సెం.మీ. పలక వద్దు. కింద వెడల్పు, పైన సన్నం చెయ్యండి. పైన 34 సెం.మీ. చాలు. డి 17 సెం.మీ.కి తగ్గి ఆ గుట్ట 1 కిలోహెర్ట్జ్ మీదికి జరుగుతుంది, అక్కడికి ఆ కోన్ సొంతంగానే శబ్దాన్ని ఇరుకు చేసుకుంటూ ఉంటుంది. లింక్‌విట్జ్ గారి ఓపెన్ బ్యాఫిల్ డిజైన్ ఎల్ఎక్స్521 ఫొటోలు చూడండి, డ్రైవర్ చిన్నదయ్యేకొద్దీ పలక సన్నబడుతుంది. అందం కోసం కాదది.

2. 25 మి.మీ. పలకలో గుండ్రంగా కోసి డ్రైవర్ బిగిస్తే వెనక చిన్న సొరంగం తయారవుతుంది. డ్రైవర్ బాస్కెట్ కిటికీలు సగం మూసుకుపోతాయి. 8 అంగుళాలదానికి వెనక అంచుని 45 డిగ్రీల్లో చెక్కేయండి. స్క్రూలు పట్టే నాలుగు చోట్ల మాత్రం చెక్క వదలండి. ఈ ఒక్క పని చెయ్యక గాత్రం డొల్లగా ఉందని క్రాసోవర్‌ని తిట్టేవాళ్లని చూశాను.

3. 15 అంగుళాల కోన్ అంతలా కదిలితే పలక కూడా ఊగుతుంది. పక్కలకి రెక్కలు పెట్టండి గానీ లోతు ఎక్కువ వద్దు. 40 సెం.మీ. లోతు హెచ్-ఫ్రేమ్ (పలకకి ముందూ వెనకా సమంగా రెక్కలు) చేస్తే బాస్‌కి లాభమే, కానీ ముందూ వెనకా 20 సెం.మీ. గుహలు. క్వార్టర్ వేవ్ లెక్కన 430 హెర్ట్జ్, నిజానికి ఇంకా కిందే మోగుతాయి. అప్పుడు క్రాసోవర్ 150 దాటనివ్వకూడదు.

4. మాగ్నెట్ బరువు. వెనక నుంచి ఆధారం ఇవ్వండి.

పలకమనిషి
ఇంత వస్తుందనుకోలేదు. ధన్యవాదాలు.

ఉలిసుత్తి గారు చెప్పినట్టు పైభాగం 34 సెం.మీ.కి కోస్తున్నా, 15 అంగుళాలది ఉత్త పలక మీదే, రెక్కలు 15 సెం.మీ. మించవు. వూఫర్‌కి విడిగా ఆంప్లిఫయర్ ఉంది, కాబట్టి కిందంతా డీఎస్‌పీ. రాగితీగ గారు కోప్పడకండి, 3 కిలోహెర్ట్జ్ గుట్ట మాత్రం కాయిల్, కెపాసిటర్‌తోనే తీస్తా.

రెండు సందేహాలు. క్రాసోవర్ ఎక్కడ? వూఫర్‌ని ఎంత పెంచొచ్చు?

డీబీలెక్క
క్రాసోవర్ 200 హెర్ట్జ్ చుట్టుపక్కల. 60 సెం.మీ. పలక నష్టం 191 దగ్గరే మొదలవుతుంది కాబట్టి వూఫర్ ఆ గుట్ట ఎక్కకముందే పక్కకి తప్పుకుంటుంది. అక్కడ తరంగం పొడవు 1.7 మీటర్లు, కాబట్టి రెండు డ్రైవర్ల మధ్య దూరం గురించి బెంగ లేదు.

ఎంత పెంచొచ్చన్నది వాట్లు కాదు, కోన్ ప్రయాణం తేలుస్తుంది. మామూలు స్పీకర్‌లో ఒక ఆక్టేవ్ కిందికి దిగితే అదే మోతకి కోన్ 4 రెట్లు కదలాలి. డైపోల్‌లో 8 రెట్లు. మీ 6 మి.మీ.తో, 15 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 850 చ.సెం.మీ. అనుకుంటే, నేల మీద నిలబెట్టిన పలక 40 హెర్ట్జ్ దగ్గర మీటరు దూరంలో 93 డీబీ దాకా ఇస్తుంది. ఇంట్లో వినడానికి బాగా సరిపోతుంది. 20 హెర్ట్జ్ దగ్గర అదే కోన్ ఇచ్చేది 75. అంటే ఏమీ లేదనే. కాబట్టి 30 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (దానికి కింది స్వరాలు ఆపే ఫిల్టర్) పెట్టండి. పెట్టె గాలి ఆపే స్ప్రింగ్ ఇక్కడ లేదు. సినిమా పేలుడు ఒక్కటి చాలు, వాయిస్ కాయిల్ వెళ్లి మాగ్నెట్ వెనక ఉన్న ఇనప రేకుకి కొట్టుకుంటుంది.

మైకుముందు
కొలిచేటప్పుడు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మిగతావన్నీ మరిచిపోయినా పర్లేదు. మైకుని కోన్‌కి ఆనించి కొలిచే నియర్‌ఫీల్డ్ పద్ధతి ఇక్కడ మోసం చేస్తుంది. అంత దగ్గర వెనక తరంగం వినబడదు, పలక నష్టం అందులో కనబడదు. పెట్టె స్పీకర్ల ట్యుటోరియల్ చూసి నియర్‌ఫీల్డ్ కర్వ్ చదునుగా ఉందని సంబరపడితే కుర్చీలో కూర్చున్నాక బాస్ ఉండదు.

దూరం నుంచి కొలిస్తే నేల ప్రతిధ్వని. డ్రైవరూ మైకూ మీటరు ఎత్తులో, మీటరు ఎడంలో ఉంటే నేల తాకి వచ్చే శబ్దం 1.24 మీటర్లు ఎక్కువ నడుస్తుంది, 3.6 మిల్లీసెకన్ల ఆలస్యం. అక్కడ గేట్ వేస్తే (ఆ ప్రతిధ్వని చేరకముందే కొలత కత్తిరిస్తే) 280 హెర్ట్జ్ కింద మీకు వచ్చేది నమ్మదగ్గ కొలత కాదు. మీ క్రాసోవర్ 200 కాబట్టి స్పీకర్‌ని ఆరుబయటికి మోసుకెళ్లి మైకుని నేల మీద పడుకోబెట్టి కొలవండి. నడుము జాగ్రత్త.

ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు డీఎస్‌పీ తెర మీద రాసిన వాలు కాదు, గాల్లో వచ్చే వాలు చూడండి. 1976లో లింక్‌విట్జ్, రైలీ ఇద్దరూ హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీర్లుగా ఉన్నప్పుడు వచ్చిన ఆ క్రాసోవర్‌లో షరతు అదే. క్రాసోవర్ పాయింట్ దగ్గర రెండు డ్రైవర్ల శబ్దమూ 6 డీబీ దిగి, ఒకే ఫేజ్‌లో ఉండాలి. మీ 8 అంగుళాలది 34 సెం.మీ. పలక మీద 337 హెర్ట్జ్ కింద ఇప్పటికే 6 డీబీ వాలులో ఉంది. దాని మీద మళ్లీ 24 డీబీ ఫిల్టర్ గుడ్డిగా వేస్తే వాలు 30 అవుతుంది, ఫేజ్ కలవదు. 12తో మొదలుపెట్టి, గాల్లో కొలిచిన వంపు 24 గీత మీదికి వచ్చేదాకా సర్దండి.

సరిపోయిందో లేదో చూడటానికి వూఫర్ తీగలు తిరగేసి మళ్లీ కొలవండి. 200 దగ్గర లోతైన, రెండు పక్కలా సమంగా ఉన్న గుంట పడితే ఫేజ్ కలిసినట్టు. గుంట లోతు తక్కువగా ఉన్నా, పక్కకి జరిగినా ఇంకా పని ఉంది.

కొత్తచెవి
తిరగేసినప్పుడు చెడిపోతే మంచిదన్నమాట! ఈ హాబీ నాకు నచ్చింది.

రాగితీగ
3 కిలోహెర్ట్జ్ గుట్టకి: 0.3 మిల్లీహెన్రీ కాయిల్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 6 ఓంల రెసిస్టర్. మూడూ ఒకదానికొకటి పారలల్‌గా, ఆ గుంపు మొత్తం డ్రైవర్‌కి సిరీస్‌గా. మధ్య బిందువు 2.9 కిలోహెర్ట్జ్, లోతు 5 డీబీ దగ్గర. ఈ కాయిల్ ఎయిర్‌కోర్ చిన్నదే, నిశ్చింతగా తీసుకోండి. వెడల్పు ఎక్కువనిపిస్తే కాయిల్ తగ్గించి కెపాసిటర్ పెంచండి, గుణకారం మారకుండా. కోపమేం లేదు తమ్ముడూ, మూడు పార్టులైనా నా వాటాకి మిగిల్చావు.

పలకమనిషి
కట్టాను, కొలిచాను, వింటున్నాను.

ఇప్పుడున్నది: వూఫర్‌కి 30 దగ్గర హైపాస్, 40 నుంచి 190 వరకు పలక నష్టం పూడ్చే వాలు, 200 దగ్గర లోపాస్ (దానికి పై స్వరాలు ఆపే ఫిల్టర్). పైదానికి 12 డీబీ హైపాస్, దానికి తోడు 250 దగ్గర చిన్న సర్దుబాటు. తీగలు తిరగేస్తే గుంట పడింది, 210 దగ్గర, బాగా లోతుగా. రాగితీగ గారి మూడు పార్టులు పెట్టాక తాళాల మోతలో ఉన్న ఆ గుచ్చుకునే గుణం పోయింది. రెసిస్టర్ 6 బదులు 4.7కి దించాను, 6 దగ్గర కాస్త మందకొడిగా అనిపించింది.

మృదంగం ఎడమ వైపు దెబ్బ వెంటనే వచ్చి వెంటనే ఆగుతోంది, వెనక తోక లేదు. ఆర్గాన్ పెడల్ స్వరాలు మాత్రం చివరి దాకా దిగట్లేదు, ఆ లెక్క ముందే చెప్పారు కాబట్టి ఫిర్యాదు లేదు.

ఒకటే మిగిలింది. కూర్చునే చోట 120 హెర్ట్జ్ దగ్గర 4 డీబీ ఉబ్బు ఉంది. ఆరుబయట కొలిచినప్పుడు లేదు. ఈక్యూతో కోసేయనా?

మైకుముందు
ఆరుబయట లేదంటే అది గదిది, స్పీకర్‌ది కాదు. వెనక గోడకి ఎంత దూరం?

పలకమనిషి
60 సెం.మీ.

మైకుముందు
ముందు మీటరు దాటి జరపండి. వెనక శబ్దం గోడకి వెళ్లి రావడానికి 6 మిల్లీసెకన్ల దాకా పడితే అది చెవికి విడిగా, దూరంగా తోస్తుంది. ఇప్పుడున్నది ముందు శబ్దానికి అంటుకుపోయి ఉంది. జరిపాక కూడా ఉబ్బు ఉంటే కుర్చీని ఒక జానెడు ముందుకో వెనక్కో మార్చి కొలవండి. అప్పటికీ కదలకపోతే కోయండి, సన్నగా, 3 డీబీ మించకుండా.

ఉలిసుత్తి
మీటరు ముందుకు జరిపితే ఇంట్లో వాళ్లు ఏమంటారో అది ఏ సాఫ్ట్‌వేరూ లెక్కకట్టదు. పలక కింద చక్రాలు బిగించండి, బ్రేకు ఉన్నవి. వినేటప్పుడు ముందుకి, మిగతా వేళ గోడకి.

పలకమనిషి
1.1 మీటర్లకి జరిపాను. 120 దగ్గర ఇప్పుడు డీబీన్నర. కోయట్లేదు. చక్రాలు వెతుకుతున్నా.